ప్రతాపరుద్రుడు

ప్రతాపరుద్రుడు కాకతీయ వంశానికి చెందిన చివరి చక్రవర్తి. ఓరుగల్లును రాజధానిగా చేసుకొని 1289 నుండి 1323 వరకు తెలుగుదేశాన్ని పరిపాలించాడు. చరిత్రకారులు ఇతనిని రెండవ ప్రతాపరుద్రుడు అని వ్యవహరిస్తారు. వేయిస్తంభాల గుడిని నిర్మించిన రుద్రదేవుడు మొదటి ప్రతాపరుద్రుడు. శాసనాలలో ఇతని పేరు వీరరుద్రుడు, రుద్రదేవ మహారాజు అని కూడా కనిపిస్తుంది. ఇతడు రాణి రుద్రమదేవికి మనుమడు. ఢిల్లీ సుల్తానుల సేనలు ఇతని కాలంలో ఐదుసార్లు తెలంగాణముపైకి వచ్చాయి. మొదటి దండయాత్ర ఓటమిపాలైంది, రెండు దండయాత్రలు కప్పముతో ముగిశాయి, ఒక ముట్టడి విఫలమైంది, చివరిది రాజ్యాన్ని అంతం చేసింది.

పెద్ద సేన, బలమైన కోట, నమ్మకమైన నాయకులు కలిగిన రాజ్యం ఎందుకు కూలిపోయింది అన్నది ఆంధ్రుల చరిత్రలో తరచు చర్చకు వచ్చే ప్రశ్న. అందువలన ఈ వ్యాసంలో ప్రతాపరుద్రుని జీవితంతోపాటు అతని సేనాబలం గురించి కూడా కొంత విపులంగా వివరించబడింది.

వంశము, బాల్యము

గణపతిదేవునికి పుత్రసంతానం లేకపోవడంతో అతని కుమార్తె రుద్రమదేవి సింహాసనం అధిష్ఠించింది. రుద్రమదేవికి కూడా కుమారులు లేరు. ఆమె పెద్ద కుమార్తె ముమ్మడమ్మ, అల్లుడు మహాదేవుడు. వీరి కుమారుడే ప్రతాపరుద్రుడు. రుద్రమదేవి ఇతనిని దత్తత తీసుకొని వారసునిగా ప్రకటించింది. బాల్యంనుండే ఇతడు అమ్మమ్మ పర్యవేక్షణలో రాజ్యవ్యవహారాలలోను, యుద్ధవిద్యలోను శిక్షణ పొందాడు. ఇతని తమ్ముడు అన్నమదేవుడు రాజ్యపతనానంతరం గోదావరి ఆవలికి వెళ్ళి బస్తరు రాజ్యాన్ని స్థాపించాడని బస్తరు రాజవంశపు సంప్రదాయం చెబుతుంది.

రాజ్యారంభము

కాయస్థ నాయకుడైన అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగుబాటు చేసి దక్షిణ ప్రాంతాలలో స్వతంత్రించాడు. నల్గొండ జిల్లా చందుపట్లలో లభించిన 1289 నవంబరు నాటి శాసనం రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించినట్లు తెలుపుతుంది. అంబదేవునితో జరిగిన యుద్ధంలోనే ఆమె మరణించి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. ఈ శాసనం వెలుగులోకి రాకముందు ప్రతాపరుద్రుడు 1295లో రాజయ్యాడని భావించేవారు.

కొత్త రాజు ముందున్న మొదటి పని అంబదేవుని అణచడం. 1291లో కాకతీయ సేనలు త్రిపురాంతకంపై దాడి చేసి అంబదేవుని అక్కడినుండి వెనుకకు నెట్టాయి. తరువాత నెల్లూరుపైకి సేనను నడిపిన అడిదము మల్లు అక్కడి పాలకుడు మనుమ గండగోపాలుని యుద్ధంలో వధించాడు. పశ్చిమాన దేవగిరి యాదవుల అధీనంలో ఉన్న ప్రాంతాలపైకి గోన విఠలుడు వెళ్ళి ఆదవాని, తుంబళం, మానువ, హాలువ కోటలను పట్టుకొని రాయచూరు చేరాడు. 1294లో అక్కడ దృఢమైన రాతికోట కట్టించి, ఆ సంగతిని పొడవాటి శిలపై చెక్కించాడు. ఆ శాసనాన్ని నేటికీ రాయచూరు కోటగోడలో చూడవచ్చును.

ఐదారేళ్ళలో మూడు దిక్కులలో విజయాలు లభించాయి. ఈ యుద్ధాలన్నిటిలో కాకతీయులకు ఎదురైనది తమవంటి సేనయే. రెండు పక్షాలలోను కాల్బలమే ఎక్కువ, ఏనుగులు ముందు నిలిచేవి, గుర్రాలు తక్కువ. అటువంటి యుద్ధాలలో ఎవరి సేన పెద్దదైతే వారిదే పైచేయి. తరువాత ఉత్తరంనుండి వచ్చిన శత్రువు విషయంలో ఈ లెక్క పనిచేయలేదు.

నాయంకర విధానము

కాకతీయుల సైనికవ్యవస్థకు వెన్నెముక నాయంకర విధానము. రుద్రమదేవి కాలంలో రూపుదిద్దుకొన్న ఈ పద్ధతిని ప్రతాపరుద్రుడు విస్తరించాడు. రాజు కొన్ని గ్రామాల ఆదాయాన్ని నాయకునికి ఇచ్చేవాడు. అందుకు బదులుగా నాయకుడు నిర్ణీతసంఖ్యలో కాల్బలాన్ని, గుర్రాలను, ఏనుగులను పోషించి, రాజు కోరినప్పుడు యుద్ధానికి తీసుకురావాలి. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రము ప్రకారం ఇటువంటి నాయకులు డెబ్బది ఏడుగురు. ఓరుగల్లు కోటలోని ఒక్కొక్క బురుజు రక్షణను ఒక్కొక్క నాయకునికి అప్పగించారని ఆ గ్రంథం చెబుతుంది. అయితే నేడు రాతికోటకు కనిపించే బురుజులు నలభై ఐదు మాత్రమే. అందుచేత డెబ్బది ఏడు అన్న సంఖ్యను యథాతథంగా స్వీకరించలేము.

శాసనాలలో పేర్కొన్న నాయకులలో అనేకులు పెద్ద రాజవంశాలకు చెందినవారు కారు. సామాన్య కుటుంబాలనుండి స్వశక్తితో పైకి వచ్చినవారికి ప్రతాపరుద్రుని కొలువులో పదవులు దొరికాయి. ఈ విధానంవలన తక్కువ ఖర్చుతో పెద్ద సేన సిద్ధంగా ఉండేది. కాని ఆ సేన మొత్తం ఒకేచోట, ఒకే శిక్షణతో, ఒకే సేనాని ఆజ్ఞలో ఉండేది కాదు. నాయకులందరూ వచ్చి కూడితేనే అది రాజు సేన అయ్యేది. ఒకరు రాకపోయినా, ఆలస్యంగా వచ్చినా, కాగితంమీది సంఖ్యకు, రణరంగంలోని సంఖ్యకు చాలా తేడా వచ్చేది.

సేనాబలము

ప్రతాపరుద్రుని సేనాసంఖ్యను గురించి కచ్చితమైన ఆధారం లేదు. తెలుగు, సంస్కృత సంప్రదాయంలో ఇతనికి తొమ్మిది లక్షల విలుకాండ్రకు అధినాథుడన్న ప్రశస్తి ఉన్నది. విచిత్రమేమంటే, ముసునూరి ప్రోలయనాయకుని విలస తామ్రశాసనంలో ఢిల్లీ సుల్తానుకు తొమ్మిది లక్షల గుర్రాలున్నట్లు చెప్పబడింది. ఇరుపక్షాలకు ఒకే అంకె రావడంవలన అది లెక్కించి చెప్పినది కాదని, అపారము అన్న అర్థంలో వాడిన సంఖ్య అని గ్రహించవచ్చును. సుల్తానుల చరిత్రకారులు కూడా ఇందుకు తీసిపోలేదు. పదిహేడవ శతాబ్దపు ఆరంభంలో రచించిన ఫెరిస్తా అల్లావుద్దీన్ ఖిల్జీకి 4,75,000 అశ్వదళం ఉండేదని వ్రాశాడు.

సంఖ్య ఎంత అన్నదానికంటె ఏ రకం సేన అన్నది ముఖ్యము. తెలుగుదేశంలో మేలుజాతి గుర్రాల పెంపకం లేదు. అరేబియా, పారశీక దేశాలనుండి ఓడలలో దిగుమతి చేసుకోవలసి వచ్చేది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి విదేశీ వర్తకులకు రక్షణ కల్పించడానికి ఇటువంటి వ్యాపారం కూడా ఒక కారణము. సముద్రం దాటి వచ్చిన గుర్రం ఖరీదైనది. అందువలన కాకతీయ సేనలో ఆశ్వికుల నిష్పత్తి తక్కువ. ఢిల్లీ సేనలో అధికభాగం గుర్రంమీదనుండి బాణాలు వేయగల ఆశ్వికులు. అల్లావుద్దీన్ కాలంలో వారికి ఖజానానుండి నగదు జీతాలు అందేవి. వారు ఏడాది పొడుగునా సైనికులే, పంటల కాలంలో పొలానికి వెళ్ళేవారు కారు.

ఓరుగల్లు కోట

కోట నిర్మాణం గణపతిదేవుని కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో బలపడింది. ప్రతాపరుద్రుడు దానిని మరింత పటిష్ఠం చేశాడు. లోపలి రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దాని చుట్టూ కందకము, ఆ వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసం కలిగిన మట్టికోట, దానికి కూడా కందకము ఉన్నాయి. ఇంకా వెలుపల దాదాపు 12.5 కిలోమీటర్ల వ్యాసంతో మూడవ మట్టిగోడ ఉండేది. రాతికోట లోపలివైపు గోడ పొడుగునా మెట్లు ఉన్నాయి. రక్షకభటులు ఏ చోటినుండైనా క్షణాలలో గోడపైకి ఎక్కడానికి ఈ మెట్లు ఏర్పాటు చేశారు.

ఈ కొలతలనుబట్టి కాపలా సమస్యను అంచనా వేయవచ్చును. రాతికోట చుట్టుకొలత దాదాపు నాలుగు కిలోమీటర్లు, మట్టికోట చుట్టుకొలత ఏడున్నర కిలోమీటర్లు, మూడవ గోడ చుట్టుకొలత నలభై కిలోమీటర్లకు దగ్గర. నలభై కిలోమీటర్ల గోడను రాత్రింబవళ్ళు కాపాడటం ఎంత పెద్ద సేనకైనా కష్టమే. అందువలన ప్రతి ముట్టడిలోను అసలు పోరాటం మట్టికోటవద్దనే జరిగింది.

మొదటి దండయాత్ర – 1303

అల్లావుద్దీన్ ఖిల్జీ 1303లో పంపిన సేన బెంగాలు, ఒరిస్సాల మీదుగా తూర్పు మార్గంలో తెలంగాణము ప్రవేశించింది. వర్షాలవలన ఈ సేన చాలా నష్టపోయి తిరిగి వచ్చిందని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ వ్రాశాడు. తెలుగు సంప్రదాయం ప్రకారం కరీంనగర్ ప్రాంతంలోని ఉప్పరపల్లి వద్ద రేచెర్ల వెన్నమనాయకుడు, పోతుగంటి మైలి ఈ సేనను ఓడించారు. రెండు కథనాలు పరస్పర విరుద్ధాలు కావు. తెలియని దారిలో, వానలకు తడిసి, గుర్రాలకు మేత లేక అలసిన సేనను స్థానిక బలగాలు ఎదుర్కొన్నాయని భావించవచ్చును. ఈ విజయం ఓరుగల్లులో ఆత్మవిశ్వాసం పెంచింది.

రెండవ దండయాత్ర – 1309, 1310

1309 అక్టోబరు చివరిలో మాలిక్ కాఫూర్ నాయకత్వంలో మరొక సేన ఢిల్లీనుండి బయలుదేరింది. ఈసారి దారి మార్చి దేవగిరి మీదుగా వచ్చింది. యాదవ రామచంద్రుడు ఢిల్లీకి సామంతుడుగా ఉండి ఈ సేనకు సరకులు సమకూర్చాడు. సేన నేటి ఆదిలాబాదు ప్రాంతంలోని సిర్పూరు కోటను పట్టుకొని, గోదావరి దాటి, 1310 జనవరిలో ఓరుగల్లు చేరింది. ముందుగా హనుమకొండ గుట్టను ఆక్రమించి అక్కడినుండి కోటను పరిశీలించింది.

ఈ ముట్టడిని అమీర్ ఖుస్రో విపులంగా వర్ణించాడు. అతని లెక్క ప్రకారం ఒక్కొక్క తుమానుకు 1,200 గజాల స్థలం కేటాయించగా, కోట చుట్టూ వేసిన గుడారాల చుట్టుకొలత 12,546 గజాలు. నేటి గజం లెక్కన ఇది దాదాపు పదకొండున్నర కిలోమీటర్లు. తుమాను అనగా పేరుకు పదివేలమంది దళము. దీనినిబట్టి సుమారు పది తుమానులు వచ్చాయని తెలుస్తుంది. ప్రతి దళంలోను పూర్తిసంఖ్య ఉండేదని చెప్పలేము కాని, మట్టికోటను చుట్టుముట్టడానికి చాలినంత సేన వచ్చిందన్నది స్పష్టము. రాత్రిపూట దాడులనుండి రక్షణకు గుడారాల చుట్టూ కొయ్యకంచె కట్టారు. కాకతీయ ఆశ్వికులు ఒక రాత్రి శిబిరంపై దాడి చేశారు కాని ఫలించలేదు.

ముట్టడిదారులు రాళ్ళు విసిరే యంత్రాలతో గోడను దెబ్బతీశారు, కందకాన్ని పూడ్చారు. ఫిబ్రవరిలో మట్టికోట వారి వశమైంది. రాతికోటలో సేన, ప్రజలు, పశువులు కిక్కిరిసి ఉండగా ప్రతాపరుద్రుడు సంధికి అంగీకరించాడు. తన బంగారుబొమ్మను చేయించి, మెడలో గొలుసు వేసి పంపాడని ఖుస్రో చెబుతాడు. నూరు ఏనుగులు, ఏడువేల గుర్రాలు, అపారమైన ధనం ఇచ్చినట్లు బరనీ వ్రాశాడు. ఇకపై ఏటా కప్పం చెల్లించడానికి కూడా ఒప్పుకున్నాడు. మార్చిలో తిరుగుప్రయాణమైన సేన జూన్ నెలలో ఢిల్లీ చేరింది.

ఈ సంధిలో ధననష్టంకంటె గుర్రాల నష్టమే తీవ్రమైనది. ధనాన్ని పన్నులద్వారా మరల కూడబెట్టవచ్చును. దిగుమతి చేసుకున్న వేలాది గుర్రాలను ఒకటిరెండు సంవత్సరాలలో సమకూర్చుకోవడం సాధ్యం కాదు.

దక్షిణ దిగ్విజయము

ఓటమి వార్త విని కొందరు సామంతులు తిరుగుబాటు చేశారు. జుట్టయ లెంక గొంకారెడ్డి గండికోటలో తిరుగుబాటు చేసిన మల్లిదేవుని అణచాడు. నెల్లూరు ప్రాంతం మరల కాకతీయుల వశమైంది. 1316లో ముప్పిడి నాయకుడు కంచివరకు సేనను నడిపి, ఆ నగరంలో మానవీరుని పాలకునిగా నియమించాడు. కేరళ రాజు రవివర్మ కులశేఖరుని అక్కడినుండి తరిమివేశాడు. 1317లో దేవరినాయకుడు కావేరీతీరంవరకు వెళ్ళి తిరువడికుండ్రం వద్ద వీరపాండ్యుని, అతనికి తోడుగా వచ్చిన రవివర్మను ఓడించి, సుందరపాండ్యుని వీరధవళంలో నిలబెట్టాడు. ఈ విజయానికి శ్రీరంగ శాసనమే సాక్ష్యము.

ఓరుగల్లులో తలవంచిన సేనయే ఏడేళ్ళలో శ్రీరంగంవరకు విజయయాత్ర చేసిందన్నది గమనించదగినది. తనవంటి సేన ఎదురుపడినప్పుడు నాయంకర సేన ఎంత బలమైనదో దీనివలన తెలుస్తుంది.

మూడవ దండయాత్ర – 1318

1316లో అల్లావుద్దీన్ మరణించగా ఢిల్లీలో కలతలు చెలరేగాయి. ప్రతాపరుద్రుడు కప్పం ఆపివేశాడు. 1318లో ముబారక్ షా పంపిన ఖుస్రో ఖాన్ ఓరుగల్లును ముట్టడించాడు. మూడువందలమంది ఢిల్లీ ఆశ్వికులు పదివేలమంది కాకతీయ ఆశ్వికులను తరిమికొట్టారని అమీర్ ఖుస్రో వర్ణించాడు. ఇది ఆస్థానకవి చేసిన పొగడ్త కనుక అంకెలను నమ్మనవసరం లేదు. కాని కోట వెలుపలి మైదానంలో కాకతీయులు నిలువలేకపోయారన్న విషయం మాత్రం నిజమై ఉంటుంది.

ఈసారి సంధి షరతులు మరింత కఠినంగా ఉన్నాయి. ఒక సరిహద్దు కోటను అప్పగించడంతోపాటు ఏటా నూరు ఏనుగులు, పన్నెండువేల గుర్రాలు ఇవ్వాలని నిర్ణయమైంది. ప్రతాపరుద్రుడు కోటగోడమీద ఢిల్లీవైపు తిరిగి నమస్కరించి, సుల్తాను పంపిన గొడుగును, రాజవస్త్రాన్ని స్వీకరించాడు. తెలుగు శాసనాలలో ఈ అవమానం ప్రస్తావన కనిపించదు. ఇతని బిరుదులు ఎప్పటివలెనే చెక్కబడ్డాయి.

విఫలమైన ముట్టడి – 1321

1320లో ఢిల్లీలో ఖిల్జీల పాలన అంతమై గియాజుద్దీన్ తుగ్లక్ సుల్తాను అయ్యాడు. ప్రతాపరుద్రుడు మరల కప్పం నిలిపి, పోయిన కోటను తిరిగి పట్టుకున్నాడు. 1321లో సుల్తాను కుమారుడు ఉలుఘ్ ఖాన్ సేనతో వచ్చాడు. ఇతడే తరువాతి కాలంలో మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ప్రసిద్ధుడయ్యాడు. ఆరునెలలవరకు కోట లొంగలేదు. ఢిల్లీతో టపా సంబంధాలు తెగిపోయాయి. సుల్తాను మరణించాడన్న పుకారు శిబిరంలో వ్యాపించింది. సేనానులు కొందరు తమ దళాలతో వెళ్ళిపోయారు. ఉలుఘ్ ఖాన్ ముట్టడి ఎత్తివేసి దేవగిరికి తరలిపోయాడు. కాకతీయ సేనలు వెంటబడి చాలా నష్టం కలిగించాయి.

ప్రతాపరుద్రుని జీవితంలో అతి ముఖ్యమైన నిర్ణయం ఈ సందర్భంలో జరిగింది. ప్రమాదం తొలగిపోయిందని భావించి ఇతడు విజయోత్సవాలు జరిపించాడు. కోటలో నిలువచేసిన ధాన్యపు గాదెలను తెరిపించాడు. కూడివచ్చిన నాయకులు తమ తమ సీమలకు వెళ్ళిపోయారు. ఆరునెలలు పొలాలు బీడుపడి ఉన్నందున సైనికులు ఇళ్ళకు వెళ్ళడం, ధాన్యం ప్రజలకు అందడం సహజమైన కోరికలే. నాయంకర సేనను యుద్ధం లేనప్పుడు కోటలో కూర్చోబెట్టి పోషించడం కూడా సాధ్యం కాదు. అయినప్పటికీ ఈ నిర్ణయానికి చెల్లించిన మూల్యం చాలా పెద్దది.

కోట పతనము – 1323

ఉలుఘ్ ఖాన్ ఢిల్లీకి తిరిగి వెళ్ళలేదు. దేవగిరిలో ఉండి తండ్రినుండి కొత్త సేనలను రప్పించుకున్నాడు. అరువది మూడువేలమంది విలుకాండ్ర ఆశ్వికులు వచ్చినట్లు ఒక కథనము. నాలుగునెలలలోనే ఇతడు బయలుదేరి బీదరు, బోధన్ కోటలను పట్టుకొని, టపా దారిలో కాపలాలు పెట్టుకుంటూ 1323లో ఓరుగల్లు చేరాడు. మొదటిసారి జరిగిన పొరపాట్లను దిద్దుకొని వచ్చాడు. ప్రతాపరుద్రునికి అటువంటి వ్యవధి లేకపోయింది. గాదెలు నిండలేదు, నాయకులందరూ తిరిగి రాలేదు.

అయినా కోట సుమారు ఐదునెలలు నిలిచింది. చివరకు ఆకలికి తాళలేక ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. విజేతలు నగరాన్ని దోచుకున్నారు. నడిబొడ్డున ఉన్న స్వయంభూ శివాలయాన్ని నేలమట్టం చేశారు. దాని నాలుగువైపుల ఉన్న శిలాతోరణాలు మాత్రం నిలిచి, నేడు తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో స్థానం పొందాయి. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్‌గా మార్చబడింది.

మరణము

బందీ అయిన ప్రతాపరుద్రుని ఖాదిర్ ఖాన్, ఖ్వాజా హాజీల రక్షణలో ఢిల్లీకి పంపారు. దారిలోనే ఇతడు మరణించాడు. నర్మదా తీరాన మరణించాడని విలస తామ్రశాసనం తెలుపుతుంది. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం ఇతడు స్వేచ్ఛగా స్వర్గానికి వెళ్ళాడని పేర్కొన్నది. ఢిల్లీ చరిత్రకారుడు అఫీఫ్ కూడా దారిలో మరణించినట్లే వ్రాశాడు. ఈ ఆధారాలనుబట్టి సుల్తాను ఎదుట నిలబడడానికి ఇష్టపడక ఇతడు ప్రాణత్యాగం చేశాడని అనేకమంది చరిత్రకారులు అభిప్రాయపడ్డారు. ప్రతాపచరిత్రము మాత్రం రాజు విడుదలై తిరిగి వచ్చాడన్న వేరొక కథ చెబుతుంది. అది చరిత్రకు సరిపోదు.

సేనాపరిమాణము, యుద్ధఫలితము

సేన పెద్దదైతే గెలుపు తథ్యమన్న సామాన్యాభిప్రాయానికి ప్రతాపరుద్రుని చరిత్ర మంచి పరీక్ష. ఈ విషయాన్ని తెలుగు పిల్లలకు తెలిసిన పులిజూదంతో వివరించవచ్చును. అందులో మూడు పులులు, పదిహేను మేకలు ఉంటాయి. పటం ఖాళీగా ఉన్నంతసేపు పులులదే రాజ్యము. కదలడానికి చోటు ఉన్నందున అవి మేకలను ఒక్కొక్కటిగా దాటి చంపుతాయి. మేకలు పటాన్ని నింపి, ఒకదాని వెనుక ఒకటి నిలిచి, పులి దూకే చోటు లేకుండా చేస్తే గెలుపు వాటిదే. సంఖ్య పనిచేయాలంటే సంఖ్యతోపాటు కట్టుబాటు, ఇరుకైన స్థలము కూడా కావాలి.

బొమ్మసైనికులతో బల్లమీద ఆడే యుద్ధక్రీడలలో కూడా ఇదే సూత్రం కనిపిస్తుంది. ప్రష్యా సైన్యం 1824 నుండి తన అధికారులకు శిక్షణ ఇవ్వడానికి ఇటువంటి ఆటను వాడింది. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో బొమ్మసైనికుల ఆటకు నియమాలు ప్రచురించాడు. నేటి ఆటలలో ఒక్కొక్క దళానికి కొన్ని పాయింట్లు నిర్ణయించి, ఇరుపక్షాల మొత్తం సమానంగా ఉండేటట్లు చూస్తారు. ఖరీదైన ఆశ్వికదళం ఒకటి వచ్చే పాయింట్లకు కాల్బలపు దళాలు అనేకం వస్తాయి. చిన్న సేనలతో ఆడినప్పుడు బల్లమీద ఖాళీస్థలం ఎక్కువ కనుక, పక్కలనుండి చుట్టి కొట్టే ఆశ్వికులకు అనుకూలము. కాని ఒక్క దళం పోయినా ఆట తారుమారవుతుంది. పెద్ద సేనలతో ఆడితే బల్ల నిండిపోయి పక్కలు మూసుకుపోతాయి. అప్పుడు ఓర్పుతో నిలిచే కాల్బలానికి విలువ పెరుగుతుంది. కాని ఆట నెమ్మదిస్తుంది, అన్ని దళాలను ఒక్కరే నడపడం కష్టమవుతుంది.

ఓరుగల్లు యుద్ధాలను ఈ దృష్టితో చూస్తే కొన్ని విషయాలు స్పష్టమవుతాయి. మైదానంలో కాకతీయ కాల్బలానికి పక్కలు కాపాడేవారు లేరు. కోటలోపల ఆ కాల్బలమే ఆరునెలలు నిలువగలిగింది. రక్షించేవారు ఏడున్నర కిలోమీటర్ల గోడ పొడుగునా పరచుకోవాలి, దాడి చేసేవారు తమకు నచ్చిన చోట బలాన్ని కూర్చుకోవచ్చు. కోటలో జనం ఎక్కువైనకొద్దీ ధాన్యం త్వరగా తరిగిపోతుంది. 1321లో రక్షణగా నిలిచిన సంఖ్య 1323లో భారమయింది. బల్లమీది ఆటలో లేనిదీ, నిజయుద్ధంలో నిర్ణాయకమైనదీ గాదెలోని ధాన్యము. పాయింట్ల లెక్కలో సైనికునికి ఆకలి ఉండదు.

తదనంతర పరిణామాలు

పదమూడేళ్ళు గడవకముందే తెలుగునాయకులు ముసునూరి ప్రోలయ, కాపయ నాయకుల నాయకత్వంలో ఏకమయ్యారు. వారి సంఖ్య డెబ్బది ఐదు అని కలువచేరు శాసనం చెబుతుంది. దాదాపు 1336లో కాపయనాయకుడు ఓరుగల్లును విడిపించాడు. రాజు కోరినప్పుడు సకాలంలో కూడలేకపోయిన నాయంకర వ్యవస్థయే రాజు లేనప్పుడు దేశాన్ని తిరిగి నిలబెట్టింది. రేచెర్ల పద్మనాయకులు, రెడ్డిరాజులు ఈ వ్యవస్థనుండే ఎదిగారు. విజయనగర స్థాపకులు హరిహర, బుక్కరాయలు మొదట ప్రతాపరుద్రుని కోశాగారంలో పనిచేశారని ఒక సంప్రదాయమున్నది కాని దీనిపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. ప్రతాపరుద్రుని కొలువులోని ఒక అధికారి ఢిల్లీకి చేరి, మతం మారి, మాలిక్ మక్బూల్ అనే పేరుతో ఫిరోజ్ షా తుగ్లక్ వద్ద ప్రధానమంత్రి అయ్యాడు.

సాహిత్యము

ప్రతాపరుద్రుడు కవిపండిత పోషకుడు. ఇతని ఆస్థానకవి విద్యానాథుడు ప్రతాపరుద్ర యశోభూషణము అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథం రచించాడు. ఇందులో ప్రతి లక్షణానికి రాజునే నాయకునిగా చేసి ఉదాహరణలిచ్చాడు. నాటకలక్షణాలకు ఉదాహరణగా ఇతని పట్టాభిషేక కథతో ఒక నాటకాన్నే చేర్చాడు. తెలుగులో మారన మార్కండేయపురాణాన్ని రచించి ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. ఈ కాలపు ఓరుగల్లు నగరజీవితం క్రీడాభిరామంలో కళ్ళకు కట్టినట్లు వర్ణించబడింది.

మహదేవపూర్ ప్రాంతము

ఓరుగల్లుకు ఉత్తరాన, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని మహదేవపూర్ మండలం గోదావరి తీరంలో ఉంది. 2016కు పూర్వం ఇది కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఈ మండలంలోని కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఒకే పానవట్టంపై రెండు లింగాలున్న కాళేశ్వర ముక్తేశ్వరాలయం ఇక్కడి ప్రసిద్ధ క్షేత్రము. సమీపంలోని ప్రతాపగిరి కొండలపై ఉన్న కోటను స్థానికులు ప్రతాపరుద్రుని పేరుతో ముడిపెట్టి చెప్పుకుంటారు. కాకతీయ రాజధానికి ఉత్తరపు కాపుగా గోదావరి, దాని అడవులు నిలిచాయి. ఉత్తరంనుండి వచ్చే సేనకు ఈ అడవులలో వర్షాకాలంలో మేత, దారి దొరకడం కష్టము. అందువల్లనే మాలిక్ కాఫూర్ శీతకాలంలో గోదావరి దాటి, ఎండలు ముదరకముందే వెనుదిరిగాడు. భూపాలపల్లికి పక్కనే ఉన్న ములుగు జిల్లాలో గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు 1213లో నిర్మించిన రామప్ప దేవాలయం ఉన్నది. దీనిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

ఇవి కూడా చూడండి

కాకతీయులు
రుద్రమదేవి
ఓరుగల్లు కోట
ముసునూరి నాయకులు
కాళేశ్వరం
పులిజూదం